తస్లీమ్ చదవని కాగితాలు

తిరువూరులో జిరాక్సు మిషన్లు, ప్రింటర్లు బాగుచేసే తస్లీమ్ నాకు పదకొండేళ్లుగా తెలుసు. ఆమె ఎలాంటి మనిషో మాత్రం పోయినేడు వానాకాలంలోనే తెలిసింది.

నా పేరు ఏడుకొండలు. ఊళ్లో ఇరవై పడకల ప్రైవేటు ఆసుపత్రికి మేనేజర్ని. వైద్యం డాక్టరు సౌజన్యగారిది. జనరేటరులో డీజిలు, దుప్పట్ల ఉతుకు, వార్డు ఫ్యాన్లు, ప్రింటరులో కాగితం, ఇవన్నీ నావి. ప్రింటరు మొరాయిస్తే తస్లీమ్‌కి ఫోన్ చేసేవాణ్ణి. ఆమె బస్టాండు దగ్గరి సందులో ఉన్న చిన్న కొట్టు నుంచి స్కూటీ మీద వచ్చేది. నలభై ఏళ్ల సన్నటి మనిషి. గోళ్ల సందుల్లో ఎప్పుడూ టోనరు పొడి నలుపు. పక్కమూత తీసి, ఒక కాగితం వదిలి, కళ్లు మూసుకుని ఆ చప్పుడు వినేది. "రెండో రోలరు అరిగింది సార్" అని అక్కడికే చెయ్యి పెట్టేది. పని అయ్యాక ఒక చీటీ రాసి నాచేత సంతకం పెట్టించుకుని వెళ్లిపోయేది. ఆ చీటీల్లో ఏం రాస్తుందో నేనెప్పుడూ చదవలేదు.

ఆగస్టులో ఒక సోమవారం పొద్దున్నే శాంతయ్య వచ్చాడు. వినగడపలో పత్తి వేసే రైతు. శనివారం మా దగ్గర నడుం నొప్పికి రక్తపరీక్షలు, స్కానింగు చేయించుకున్నాడు. రిపోర్టు సోమవారం తీసుకోమన్నాం. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"మీ డాక్టరమ్మ నాకు చెప్పకముందే నా కిడ్నీ పోయిందని ఊరూపేరూ తెలీనోడికి ఎట్టా తెలిసిందండీ?" అన్నాడు.

ఆదివారం చేలో మందు కొడుతుంటే ఫోన్ వచ్చిందట. అవతల ఎవరో మర్యాదగా పేరు పెట్టి పిలిచి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో ఎంతుందో అంకెతో సహా చెప్పి, ఆలస్యం చేస్తే జీవితమంతా డయాలసిస్సే అన్నాడట. సిటీలో మా ఆసుపత్రికి రండి, కారు పంపిస్తామన్నాడట. ఆ మాట విని శాంతయ్య భార్య ముద్ద ముట్టలేదు. పాడిగేదెలు రెండిటినీ అమ్మేద్దామని కొనే మనిషిని కూడా పిలిపించారు.

సౌజన్యగారు రిపోర్టు తెరిచి చూశారు. అంకె దశాంశంతో సహా సరిపోయింది. "శాంతయ్యగారూ, కిడ్నీ పోలేదు. రాయి అడ్డం పడింది. రాయి తీసేస్తే ఈ అంకె దానంతటదే దిగుతుంది. గేదెల జోలికి వెళ్లకండి" అన్నారు. అతన్ని అక్కడే కూర్చోబెట్టి, రాయి ఎక్కడుందో బొమ్మ గీసి చూపించారు.

ఆ రిపోర్టు ముట్టుకున్నవాళ్లం ముగ్గురమే. ల్యాబులో మేరమ్మ, నేను, డాక్టరుగారు. మేరమ్మ గంపలగూడెం నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చే ల్యాబు అసిస్టెంటు. జూన్‌లో చేరింది. రిపోర్టుని, జిరాక్సూ ప్రింటూ రెండూ చేసే పెద్ద మిషన్ మీద స్కాన్ చేసి రోగికి మెయిలు పంపేది, మెయిలు లేనివాళ్లది ఆఫీసు మెయిలుకి పంపి దాచేది. కొత్త మనిషి. నాకు ఇంకో ఆలోచనే రాలేదు. నా గదిలోకి పిలిచి నిలదీశాను. ఫోన్ ఇమ్మన్నాను. ఆమె లాక్ తీసి బల్ల మీద పెట్టింది. కాల్సు చూశాను, మెసేజీలు చూశాను, ఫోటోలూ చూశాను. ఏమీ దొరకలేదు. అయినా, "రేపట్నుంచి రావద్దు" అన్నాను.

పక్కగదిలో తస్లీమ్ పెద్ద మిషన్లో ఇరుక్కున్న కాగితం తీస్తోంది. చేతులు తుడుచుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చింది.

"సార్, ఒక్కరోజు ఆగండి. ఆ రిపోర్టు ముట్టుకుంది ముగ్గురు కాదు, నలుగురు."

"నాలుగో మనిషెవరు?"

"మనిషి కాదు సార్. ఇది" అని వెనక్కి తిరిగి మిషన్ని చూపించింది.

నాకు నవ్వొచ్చింది. "అది కాగితం మీద అచ్చు వేసే డబ్బా తస్లీమ్."

"పైన మూత జిరాక్సుది సార్. లోపలంతా కంప్యూటరే. డిస్కు ఉంది, నెట్టు ఉంది, మెయిళ్లు పంపుద్ది. కంప్యూటరుకైతే తాళం వేస్తాం. దీనికి ఎవరం వెయ్యం."

డాక్టరుగారు కూడా వచ్చి నిలబడ్డారు. తస్లీమ్ వెయిటింగు హాల్లోకి వెళ్లింది. అక్కడ రోగుల కోసం వైఫై పాస్‌వర్డు గోడ మీద పెద్దక్షరాలతో నేనే రాయించాను. దాన్ని చూసి తన ఫోన్‌ని కలిపింది. ఒక కుర్చీలో, చంటిపిల్లని ఒళ్లో పడుకోబెట్టుకున్న తల్లి పక్కన కూర్చుని మిషన్ అడ్రసంటూ ఏవో నాలుగు అంకెల గుంపులు కొట్టింది. నేను ఆమె భుజం మీదుగా చూస్తున్నాను. గోడ అవతల ఉన్న మా మిషన్ ఆమె ఫోన్‌లో తెరుచుకుంది. ఎన్ని కాగితాలున్నాయో, ఇంకు ఎంతుందో, అన్నీ కనిపిస్తున్నాయి. పాస్‌వర్డు అడిగింది. తస్లీమ్ కొట్టింది. లోపలికి వెళ్లిపోయింది.

"నీకు మా పాస్‌వర్డు ఎట్టా తెలుసు?"

"మీది కాదు సార్, కంపెనీది. ఈ రకం మిషన్లన్నిటికీ ఫ్యాక్టరీలో ఇదే పెడతారు. కొన్నాక మనం మార్చుకోవాలి. మార్చకపోతే, దీని పుస్తకం చదివిన ప్రతివాడి దగ్గరా మన తాళంచెవి ఉన్నట్టే."

వేలితో ఒక్కొక్క పేజీ జరుపుతూ ఒకచోట ఆగింది. తర్వాత ఫోన్ డాక్టరుగారి చేతికిచ్చింది.

ఆ పేజీలో ఒక మెయిలు అడ్రసు ఉంది. మాది కాదు, మాకు తెలిసిన ఎవరిదీ కాదు. ఈ మిషన్ నుంచి స్కాన్ చేసి పంపే ప్రతి కాగితానికీ ఒక నకలు ఆ అడ్రసుకి కూడా పంపమని అక్కడ రాసి ఉంది. పెట్టిన తేదీ, టైము కూడా ఉన్నాయి. ఏప్రిల్ తొమ్మిది, పదకొండూ నలభై.

ఏప్రిల్. మేరమ్మ చేరింది జూన్‌లో.

నాలుగు నెలలుగా మా ఆసుపత్రికి వచ్చిన ప్రతి మనిషి రక్తం, మూత్రం, గర్భం, గుండె, అన్నీ ఆ తెల్లడబ్బా లోంచి చప్పుడు లేకుండా వెళ్లిపోతున్నాయి. రోజూ దాని పక్కనే నిలబడి నేను టీ తాగాను.

"తీసెయ్, ఇప్పుడే తీసెయ్" అన్నాను.

"తీస్తాను సార్. కానీ ఇప్పుడే తీస్తే అవతలివాడు జాగ్రత్త పడతాడు. ముందు ఫోటోలు తీసి పెట్టుకుందాం. ఇవాళ అసలైన రిపోర్టు ఒక్కటి కూడా ఈ మిషన్ మీద పెట్టొద్దు. వైరుతో ఉన్న చిన్న ప్రింటరు మీద తీసి చేతికే ఇవ్వండి. దీని మీద ఒకే ఒక్కటి పెడదాం, దొంగది."

"ఎవరి పేరుతో?" అన్నారు డాక్టరుగారు.

తస్లీమ్ కాసేపు ఆలోచించింది. "మా అమ్మ పేరుతో. ఫోన్ నంబరు కూడా అమ్మదే వేద్దాం. అమ్మకి భయం ఉండదు."

సౌజన్యగారు కూర్చుని రిపోర్టు రాశారు. సర్దార్ బీ, వయసు అరవై ఎనిమిది, క్రియాటినిన్ ఆరు పాయింట్ ఎనిమిది. ఈలోగా తస్లీమ్ ఫోన్ చేసి రమ్మన్న వాళ్లమ్మ సర్దార్ బీ ఆటో దిగింది. పొట్టి మనిషి, చేతిలో గుడ్డసంచీ. విషయమంతా కూతురు చెబుతుంటే తల ఊపుతూ వింది. "అంటే నాకిప్పుడు జబ్బన్నమాట" అని కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

తస్లీమ్ మేరమ్మని పిలిచింది. "నువ్వే పెట్టమ్మా, రోజూ ఎట్టా పెడతావో అట్టాగే."

మేరమ్మ కళ్లు తుడుచుకుని కాగితం గాజు మీద బోర్లా పెట్టింది. పచ్చటి వెలుగు ఒక్కసారి అటు నుంచి ఇటు పోయింది. అప్పుడు పన్నెండూ పది.

ఐదుగురం ఆ గదిలో కూర్చున్నాం. బయట రోగుల దగ్గులు, నర్సు పిలుపులు వినిపిస్తున్నాయి. పన్నెండున్నర అయింది. సర్దార్ బీ సంచీలోంచి చిక్కుడుకాయలు తీసి ఈనెలు ఒలవడం మొదలుపెట్టింది. ఇదంతా ఉత్త అనుమానమేమో, ఆ అడ్రసు ఎప్పుడో చచ్చినదేమో అనిపించసాగింది నాకు. పన్నెండూ యాభై రెండుకి ఆమె ఫోన్ మోగింది.

తస్లీమ్ స్పీకరు నొక్కింది.

"అమ్మా, సర్దార్ బీ గారేనా?" కుర్రగొంతు, ఎంతో ఆప్యాయంగా ఉంది.

"ఆఁ, నేనే నాయనా. ఎవరు?"

"సిటీ నుంచమ్మా. మీ రిపోర్టు మా పెద్ద డాక్టరుగారు చూశారు. క్రియాటినిన్ ఆరు పాయింట్ ఎనిమిది ఉంది. చాలా ప్రమాదమమ్మా."

సౌజన్యగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. గంట కిందట ఆవిడ పెన్నుతో పుట్టించిన అంకె అది. ఈ గది దాటి ఎవరికీ చెప్పలేదు. అది ఎక్కడికో వెళ్లి, ఎవరో చదివి, మనిషి గొంతుతో తిరిగి మా దగ్గరికే వచ్చింది.

"ఆరో ఎనిమిదో సరిగ్గా చెప్పు బాబూ, నాకు చెవుడు" అంది సర్దార్ బీ. వాడు మళ్లీ చెప్పాడు. ఎక్కడికి రావాలంది. చెప్పాడు. అక్కడ ఎవర్ని అడగాలంది. ఒక పేరు చెప్పాడు. మళ్లీ నెమ్మదిగా చెప్పమంది. మేరమ్మ అన్నీ రాస్తూనే ఉంది.

"మరి నా కాయితం నీకెవరిచ్చారు నాయనా?"

"అన్నీ మాకు వచ్చేస్తాయమ్మా, ఆన్‌లైన్లో."

"అట్టాగా" అంది ఆమె. చేతిలో చిక్కుడుకాయ సంచీలో వేసింది. "నాకు చక్కెర తప్ప ఏ జబ్బూ లేదయ్యా. నువ్వు చెప్పింది డాక్టరమ్మ ఇందాకే కల్పించిన జబ్బు. ఇట్టా ఎంతమందికి చెప్పి ఏడిపించావు?"

ఫోన్ కట్టయింది. నేను మిషన్ వైపే చూస్తూ ఉండిపోయాను. ఎప్పట్లాగే ఒక చిన్న పచ్చదీపం వెలుగుతోంది. దేన్నైనా చూసి అలా స్తంభించిపోవడం నాకు చిన్నప్పుడు మా నాన్న మొదటిసారి సముద్రం చూపించిన రోజు తర్వాత మళ్లీ అదే.

మేరమ్మకి క్షమాపణ చెప్పాను. అందరి ముందూ చెప్పాను. ఆమె తల దించుకునే ఉంది. "నన్ను అనుమానించినందుక్కాదు సార్ నా బాధ. ఆ ఫోన్‌లో మా అమ్మ పోయిన రోజు ఫోటోలున్నాయి. నేనే మళ్లీ తెరిచి చూడలేదు. మీరు చూశారు" అంది. ఆమె ఉద్యోగం మానలేదు. అది ఆమె మంచితనం.

ఫోటోలు, ఫోన్ నంబరు, రాసుకున్న అడ్రసు తీసుకుని ఆ సాయంత్రమే పోలీసులకి ఫిర్యాదు ఇచ్చాం. నెల తర్వాత ఫోన్ చేసిన కుర్రాడు దొరికాడు. వాడు జీతానికి ఫోన్లు చేసేవాడే. రిపోర్టులు పంపే మనిషిని వాడు కళ్లతో చూడలేదట. ఏప్రిల్ తొమ్మిదిన మా హాల్లో ఏ కుర్చీలో కూర్చుని ఎవరు ఆ పని చేశారో ఇంతవరకూ తేలలేదు. సౌజన్యగారు నాలుగు నెలల పాత రోగుల జాబితా ముందు పెట్టుకుని తనే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి జరిగింది చెప్పారు. పదిమందిలో ఏడుగురికి ఆ ఫోన్లు వచ్చాయట. అందరూ మేమే చేయించామనుకున్నారు. కొందరు తిట్టారు. ఆవిడ పూర్తిగా విని, తప్పు మాదేనని ఒప్పుకుని ఫోన్ పెట్టేవారు.

తస్లీమ్ మూడు రోజులు మా దగ్గరే పనిచేసింది. ఆ మెయిలు అడ్రసు తీసేసి, మిషన్‌కి కొత్త పాస్‌వర్డు పెట్టింది. రోగుల వైఫైని మా ఆఫీసు మిషన్ల నుంచి పూర్తిగా వేరుచేసింది. ఇప్పుడు హాల్లో కూర్చున్నవాళ్లకి ప్రింటరు ఉందన్న సంగతే తెలియదు. కంపెనీవాళ్లు లోపాలు సరిదిద్ది నాలుగేళ్లుగా పంపుతున్న మార్పులు ఒక్కటి కూడా వెయ్యలేదట. అవన్నీ వేసింది. మేము వాడని దారులు బయటికి ఎన్నో తెరిచి ఉన్నాయి. ఒక్కొక్కటీ మూస్తూ వాటి పేర్లు చెప్పింది, నాకు ఒక్కటీ గుర్తులేదు. ఇవన్నీ అయ్యాక కాగితాలు వచ్చిపడే ట్రే దగ్గర నిలబడి, "సార్, అన్నిటికన్నా పెద్ద కన్నం ఇది" అంది. నిజమే. ఎవరి రిపోర్టైనా అక్కడ గంటలకొద్దీ వెల్లకిలా పడి ఉండేది. దారిన పోయే ప్రతివాడూ చదవొచ్చు. ఇప్పుడు పంపినవాళ్లు మిషన్ దగ్గరికొచ్చి తమ నంబరు కొడితేనే కాగితం బయటికొస్తుంది.

రెండో రోజు భోజనాల వేళ పాత ఫైలు తిరగేస్తుంటే ఆమె సర్వీసు చీటీలు కనిపించాయి. రెండేళ్ల నాటి ఒకదాంట్లో, "పాస్‌వర్డు మార్చాలి, వైఫై వేరు చెయ్యాలి" అని గుండ్రటి అక్షరాల్లో ఉంది. కింద నా సంతకం. తీసుకెళ్లి చూపించాను. "నాకు మళ్లీ ఎందుకు చెప్పలేదమ్మా?" అంటే, "మూడుసార్లు రాశాను సార్" అంది. ఆ గొంతులో కోపం లేదు.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అప్పుడు అడిగాను. పదకొండేళ్లలో మొదటిసారి అడగడం.

వాళ్ల నాన్న చాంద్‌బాషా టైపు మిషన్లు బాగుచేసేవాడట. కోర్టు, తాలూకాఫీసు మిషన్ల పనంతా ఆయనదే. కరెంటు టైపు మిషన్లు వచ్చాక వాటిలో నల్లటి రిబ్బను ఉండేది. అక్షరం కొట్టినచోట నలుపు కాగితానికి అంటుకుని, రిబ్బనులో ఆ అక్షరం ఆకారం ఖాళీగా మిగిలిపోయేది. వాడేసిన రిబ్బను సాగదీసి వెలుతురుకి పెడితే కొట్టినదంతా వరసగా చదవొచ్చు. చాంద్‌బాషా వాడేసిన రిబ్బన్లు ఒక్కటి కూడా ఆఫీసుల్లో వదిలేవాడు కాదు. అధికారుల్ని అడిగి ఇంటికి తెచ్చి పొయ్యిలో వేసేవాడు.

"నాకప్పుడు పదేళ్లు సార్. నాన్న స్నానానికి వెళ్తే ఒకటి విప్పి చదివాను. అందులో మా వీధిలో ఉండే ఒకాయన పేరుంది. ఆయనకీ భార్యకీ కోర్టులో గొడవ. నాకు సగం అర్థం కాలేదు. అయినా బళ్లో చెప్పేశాను. రెండ్రోజుల్లో వీధంతా తెలిసింది. ఆమె నెల తిరక్కుండా పుట్టింటికెళ్లిపోయింది. నాన్న నన్ను కొట్టలేదు. చెయ్యి పట్టుకుని వాళ్లింటికి తీసుకెళ్లి, 'మా ఇంట్లోంచే బయటికొచ్చింది' అని ఆయన ముందు నిలబడ్డాడు. తర్వాత చాన్నాళ్లు కోర్టు పని ఒప్పుకోలేదు. ఆ రోజునుంచి ఎవరి కాగితమైనా అచ్చు పల్చగా ఉందా చిక్కగా ఉందా అని చూస్తానంతే. అక్షరాలు చదవను."

చాంద్‌బాషాకి చూపు తగ్గాక ఆమె పంతొమ్మిదో ఏట విజయవాడలో ఒక జిరాక్సు మిషన్ల వర్కుషాపుకి రెండేళ్లు రోజూ బస్సులో వెళ్లి పని నేర్చుకుంది. అక్కడ ఆడమనిషి ఆమె ఒక్కతే. నెట్టు సంగతులు ఎవరూ నేర్పలేదు. ఇంగ్లీషు పుస్తకాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివింది. ఇప్పుడు విస్సన్నపేట నుంచి గంపలగూడెం దాకా దస్తావేజుల ఆఫీసులు, స్కూళ్లు, ప్లీడర్ల గదులు, అన్నింటి మిషన్లూ ఆమె చేతిలోంచే వెళ్తాయి. ఈ చుట్టుపక్కల భూముల తగాదాలు, మార్కులు, జబ్బులు, వీలునామాలు అన్నీ ఆమె వేళ్ల కిందుగా పోయాయి. ఆమె దగ్గర నుంచి ఒక్క మాట బయటికొచ్చిందని నేనెప్పుడూ వినలేదు.

మూడో రోజు పని ముగుస్తుండగా మెట్ల కింద గోనెపట్టా కప్పిన పాత మిషన్ ఆమె కంట పడింది. నాలుగేళ్ల కిందటిదాకా వాడి పక్కన పెట్టాం. మర్నాడు పాత ఇనుము బండివాడు రావాలి.

"దీని డిస్కు తీశారా సార్?"

"దీనికీ ఉందా?"

ఆమె మోకాళ్ల మీద కూర్చుని వెనక నాలుగు మరలు విప్పి, అరచేతిలో పట్టేంత రేకుపెట్టె ఒకటి బయటికి తీసింది. దాన్ని తన ల్యాప్‌టాప్‌కి కలిపింది. తెర నా వైపు తిరగకుండా ఒక అంకె మాత్రం చూసి చెప్పింది. "ఇది తీసిన నకళ్లు అరవై ఒక్క వేల చిల్లర పేజీలు ఇందులోనే ఉన్నాయి సార్. చెరపమని ఎవరూ చెప్పలేదు కదా, చెరపలేదు."

ఆ అరవై ఒక్క వేలల్లో ఒక పేజీ నాది.

నాలుగేళ్ల కిందట నా మెడలో గడ్డ లేస్తే, ఎవరికీ చెప్పకుండా విజయవాడ వెళ్లి ముక్క తీయించి పరీక్ష చేయించుకున్నాను. మొదటి రిపోర్టులో క్యాన్సరు అనుమానం రాశారు. ఒక ఆదివారం ఆఫీసులో ఎవరూ లేనప్పుడు వచ్చి దాన్ని ఈ మిషన్ మీదే నకలు తీసుకున్నాను. అసలు కాగితం మిషన్లో ఇరుక్కుని చిరిగింది. సగం నా చేతిలోకొచ్చింది, సగం రాలేదు. మర్నాడు తస్లీమ్ వచ్చి లోపలి ముక్క తీసి, మడిచి, నా చేతిలో పెట్టింది. తర్వాత రెండో పరీక్షలో ఏమీ లేదని తేలింది. ఇంట్లోవాళ్లకి ఈనాటికీ తెలియదు. కానీ ఆమె ఎదురుపడినప్పుడల్లా, ఈమెకి తెలుసు అన్న బరువు నాలో ఉండేది. ఆమెతో పొడిపొడిగా మాట్లాడింది అందుకేనేమో.

ఇవాళ అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేననిపించింది.

"తస్లీమ్, నాలుగేళ్ల కిందట ఇందులోంచి ఒక చిరిగిన కాగితం తీసి నాకిచ్చావు. అందులో ఏముందో చూశావా?"

ఆమె తల ఎత్తి, గుర్తుచేసుకోవడానికి నిజంగానే ప్రయత్నించింది. "ఏ కాగితం సార్?" అంది. "రోజుకి ఎన్నో ఇరుక్కుంటాయి కదా."

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. ఆమె ఇంకేమీ అడగలేదు. చెరిపే ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ, దగ్గర దగ్గర రెండు గంటలు, ఆ పెట్టె పక్కనే కూర్చుంది. అది అయ్యాక డ్రిల్లు తీసి, "కొంచెం దూరం జరగండి సార్, పొట్టు కళ్లల్లో పడుద్ది" అంది. మూడు చిల్లులు వేసింది. చేతిలోకి తీసుకుని ఊపితే, పేజీలన్నీ దాచుకున్న లోపలి గాజుబిళ్ల పగిలిన ముక్కల చప్పుడు వినిపించింది.